విషము కవచమా? - సముద్రసర్పములు, పులిసొర

విషముగల ప్రాణిని సమస్త జీవులును దూరముగా ఉంచునని, విషము దానికి ప్రకృతి తొడిగిన కవచమని మనలో బలమైన నమ్మకము గలదు. త్రాచును చూచి మనుష్యుడు వెనుకకు తగ్గును గనుక తక్కిన జీవులును అట్లే తగ్గునని తలంతుము. ముంగిస, నెమలి, గద్ద మొదలైనవి ఈ నమ్మకమును నేల మీద కొంత సడలించినవి. అయినను వానిని మనము వింతలుగా ఎంచి, నియమమును మాత్రము అట్లే నిలుపుకొంటిమి. సముద్రము వంకకు చూచినచో ఆ నియమమే సందేహాస్పదమగును. ఎలుకల మీద జరిగిన పరీక్షలలో త్రాచు విషమును మించిన తీక్ష్ణత గలదని తేలిన పాములు అచ్చట ఉన్నవి. ఆ పాములను ఏదో ఆకలి బాధలో కాక మామూలు ఆహారముగా మ్రింగు ఒక చేపయు అచ్చటనే ఉన్నది. అది పులిసొర. ఈ రెంటి సంబంధమును పరిశీలించినచో పాము విషము ఎందుకు పుట్టినది అను ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

మొదట పామును గూర్చి కొంత తెలిసికొందము. సముద్రసర్పములు త్రాచు, కట్లపాము పుట్టిన కుటుంబమునకే చెందినవి. వాని పూర్వులు నేల మీదనే బ్రతికినవి. హిందూ మహాసముద్రమునందును, పసిఫిక్ మహాసముద్రమునందును ఇవి సుమారు అరువది, డెబ్బది జాతులు గలవు; అట్లాంటిక్ మహాసముద్రమున ఒక్కటియు లేదు. తోక తెడ్డువలె బల్లపరుపుగా మారినది. నాలుక క్రింద అదనపు ఉప్పును వెలికి నెట్టు గ్రంథి యున్నది. ఉన్న ఒక్క ఊపిరితిత్తియు తోక దగ్గర వరకు సాగియుండును. కొన్ని జాతులు చర్మము ద్వారా కూడ నీటిలోని ప్రాణవాయువును కొంత గ్రహించును. ఇన్ని మార్పులు చెందినను చేపవలె మొప్పలు మాత్రము రాలేదు. కొన్ని జాతులు రెండు గంటల వరకు నీటిలో మునిగి యుండగలిగినను ఎప్పుడో ఒకప్పుడు శ్వాసకై పైకి రాక తప్పదు. పైకి వచ్చునప్పుడు వెలుతురుకు అడ్డముగా దాని ఆకారము క్రిందనుండి స్పష్టముగా కనబడును. శత్రువు క్రిందనే పొంచియున్నచో పాము గతి ఏమో చెప్పనక్కర లేదు.

ఈ పాములు మన తీరమునకు కొత్తవి కావు. 1780ల దశకములో విశాఖపట్టణమున నివసించిన స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు సర్పములను గూర్చి 1796లో ప్రకటించిన గ్రంథములో సముద్రసర్పముల చిత్రములను కూడ చేర్చెను. స్థానికులు పిలుచు పేర్లను తన చెవికి వినబడినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాసికొనుట ఆయన అలవాటు. రక్తపింజరకు ఆంగ్లములో నేటికిని ఆయన పేరే నిలిచియున్నది. విశాఖ తీరపు చేపలపై 1803లో వెలువడిన ఆయన రెండవ గ్రంథము మరియొక వింతకు కారణమైనది. అందులోని 'సొర' అను మన మాటయే ఒక జాతి సొరచేపకు కార్కరైనస్ సోర్రా అను శాస్త్రనామమై, 1839 నుండి ప్రపంచమంతట వాడుకలో ఉన్నది. జాలరుల నోటి మాట లాటిన్ పేరుగా మారుట మన భాషకు చిన్న గౌరవమేమియు కాదు.

ఇక సొరను గూర్చి. పులిసొరకు పెరాన్, లెస్యూర్ అను ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞులు 1822లో శాస్త్రీయముగా నామకరణము చేసిరి. నేటి శాస్త్రనామము గేలియోసెర్డో క్యూవియర్. చిన్ననాట దేహము మీద పులిచారలవంటి నల్లని చారలుండును. వయసుతో అవి మాసిపోవును. పెరిగిన సొర మూడు, నాలుగు మీటర్ల పొడవుండుట సాధారణము. అంతకు మించినవియు కలవు. వెచ్చని సముద్రములన్నింటను, మన బంగాళాఖాతమునందు కూడ ఇది సంచరించును. దీని పళ్లు కొన్ని ఇతర సొరల పళ్లవలె సన్నని సూదులు కావు. కోడిజుట్టువలె ఒక ప్రక్కకు వంగి, అంచున రంపపు పళ్లు కలిగియుండును. తలను అటునిటు ఊపుచు కొరికినచో తాబేటి డిప్ప సైతము చీలును. అట్టి నోటికి పాము యొక్క మెత్తని దేహము ఏపాటి?

ఇది ఏమేమి తినునో తెలిసికొనుటకు పూర్వకాలమున ఒక్కటే మార్గము: పట్టుబడిన సొర కడుపు కోసి చూచుట. ఈ పద్ధతికి చాల పాత ఉదాహరణమొకటి ఉన్నది. 1699లో విలియమ్ డాంపియర్ అను ఆంగ్ల నావికుడు పశ్చిమ ఆస్ట్రేలియా తీరమున ఒక విశాలమైన అఖాతములో ఓడ నిలిపి, అచ్చట సొరలు మిక్కుటముగా ఉండుట చూచి దానికి షార్క్ బే, అనగా సొరల అఖాతము, అని పేరు పెట్టెను. ఆయన మనుషులు పట్టిన పదకొండు అడుగుల సొర కడుపులో ఒక పెద్ద జంతువు తల, ఎముకలు బయటపడినవి. డాంపియర్ దానిని నీటిగుర్రమని భావించెను. ఆస్ట్రేలియాలో నీటిగుర్రములు లేవు. అది ఆ అఖాతములో సముద్రపు గడ్డి మేయు డ్యూగాంగు, అనగా సముద్రపు ఆవు, అయియుండునని తరువాతివారు నిర్ణయించిరి. ఈ అఖాతమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. మూడు వందల ఏండ్ల తరువాత సొరకును పామునకును గల సంబంధము బాగుగా తెలిసినది ఇచ్చటనే.

సముద్రసర్పములను ఏ జీవులు తినునను విషయమును హెరాల్డ్ హీట్‌వోల్ అను శాస్త్రజ్ఞుడు 1970ల దశకములో శ్రద్ధగా విచారించి, 1975లో వెలువడిన సముద్రసర్పముల గ్రంథములో ఒక ప్రకరణము వ్రాసెను. ఉత్తర ఆస్ట్రేలియా జలములలోని సొరలు పాములను తినుటను గూర్చి 1987లో వేరొక పరిశీలన వెలువడినది. 2001లో పశ్చిమ ఆస్ట్రేలియా పులిసొరల ఆహారముపై వచ్చిన పరిశోధనలు తాబేళ్లు, చేపలు, డ్యూగాంగులతో పాటు సముద్రసర్పములను కూడ ముఖ్యమైన ఆహారముగా పేర్కొన్నవి. తెల్లని ఉదరము గల సముద్రపు గద్ద కూడ నీటిపైకి వచ్చిన పాములను తన్నుకొనిపోవును; ఆ గద్ద మన తీరమునందును ఉన్నది. కాని నీటి లోపల పాములను ఇంత విరివిగా తినుటలో పులిసొరకు సాటివచ్చునవి అరుదు.

అయినచో ఆ విషము సొరను ఏల చంపదు? ఇది విద్యార్థులు తప్పక అడుగు ప్రశ్న. ఇందులో రెండు అంశములున్నవి. మ్రింగిన విషము ఏమగును? మ్రింగక ముందు పాము కరిచినచో ఏమగును?

మొదటి దానికి సమాధానము 1664లోనే ఇటలీలో దొరికినది. టస్కనీ ప్రభువు ఆస్థానమునందున్న ఫ్రాంచెస్కో రెడీ అను వైద్యుడు పాము విషము రక్తములో కలిసినప్పుడే చంపునుగాని మ్రింగినచో హాని చేయదని ప్రయోగపూర్వకముగా చూపెను. జాకోపో అను పాములవాడు పండితుల ఎదుట పింజర విషమును త్రాగి నిర్భయముగా నిలిచెనట! ఆ పాములను ఆస్థానమునకు తెప్పించుచుండినది ఔషధము కొరకే. యూనానీ వైద్యమునందు ప్రసిద్ధమైన తిర్యాక్ అను విషహరమునందు పాము మాంసము చేరునని మన కళాశాలలో ఉర్దూ చదువు మిత్రులకు తెలిసియే యుండును. ప్రాణము తీయు జంతువు మాంసమును ప్రాణము నిలుపు మందులో కలిపిన ఆ వైద్యులకు, పామును తినుట వేరు, పాముచేత కరవబడుట వేరు అను భేదము అనుభవముచే తెలిసియుండవలెను. దీనికి కారణము నేడు సులభముగా చెప్పవచ్చును. సముద్రసర్ప విషములో ముఖ్యమైనవి మాంసకృత్తులు. కొన్ని నరములనుండి కండరములకు పోవు ఆజ్ఞను అడ్డగించును. కొన్ని కండరములనే చెరచును. జీర్ణకోశమున పుల్లని రసము వానిని కూడ తక్కిన మాంసమువలెనే విడగొట్టి పోషకముగా మార్చును. (ఇది విని ఎవరును పరీక్షకు పూనుకొనరాదు. నోటిలో చిన్న పుండున్నను విషము రక్తమునకు చేరగలదు.)

రెండవదానికి సమాధానము సొర దేహములో ఉన్నది. సముద్రసర్పముల కోరలు కొన్ని మిల్లీమీటర్లకు మించవు. సొర చర్మము దంతములవంటి సూక్ష్మమైన పొలుసులతో గరుకు కాగితమువలె నుండును. పూర్వము వడ్రంగులు కొయ్యను నునుపు చేయుటకు దానిని వాడిరి. కొరుకు సమయమున సొర కంటిపై ఒక పొర జారి కప్పుకొనును. అందుచేత మెత్తని కన్ను సైతము కోరకు సులభముగా అందదు. ఇంతలో రంపపు పళ్లు పామును రెండుగా తెగకోయును. పోరాటము సాగినగదా విషమునకు అవకాశము!

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను. విషము శత్రువును చంపుటకై ఏర్పడినదని అనుకొన్నచో పైన చెప్పినదంతయు విషము యొక్క ఓటమిగా కనబడును. కాని విషము అందుకు ఏర్పడినదేనా? సముద్రసర్పములలో కొన్ని చేపల గ్రుడ్లను మాత్రమే తినును. తాబేటితల పాము అనబడు ఎమిడోసెఫాలస్ అట్టిది. పగడపు రాళ్లకు అంటియున్న గ్రుడ్లను పెదవులతో గోకి తినుట దాని పని. గ్రుడ్డు పారిపోదు, ఎదిరింపదు. ఈ పాములలో కోరలు చిన్నవైపోయినవి, విషగ్రంథులు కృశించినవి. గ్రుడ్లు తిను మరియొక జాతి, ఐపిసూరస్ ఐడూక్సీ. దాని విషము తన పటుత్వమును కోల్పోయినదని 2005లో జరిగిన పరిశోధనలో తేలినది. విషమే కవచమైనచో గ్రుడ్లు తిను పాములకు కూడ అది కావలసియే యుండును గదా. వానికిని సొరల భయమున్నదే! అయినను ఆహారమునకు అక్కర లేని మరుక్షణమే ప్రకృతి విషమును విడిచిపెట్టినది. మరుక్షణము అనగా జీవపరిణామపు లెక్కలో కొన్ని లక్షల ఏండ్లని గ్రహింపవలెను. విషము వేటకు పనిముట్టు. జారిపోవు చేపను కాళ్లు చేతులు లేని పాము నీటిలో నిలిపి పట్టలేదు. ఒక్క కాటుతో కదలకుండ చేయవలెను. ఆత్మరక్షణకు అది కొంత ఉపకరించునేమో గాని అందుకొరకు పుట్టలేదని నా అభిప్రాయము.

మనుష్యుల అనుభవము కూడ దీనికి అనుకూలముగానే ఉన్నది. మలయాలోని పెనాంగు ఆసుపత్రిలో అలిస్టేర్ రీడ్ అను వైద్యుడు 1950ల దశకమునుండి పాముకాటు తగిలిన జాలరులను పరిశీలించెను. కాట్లలో ఎక్కువ భాగము దేహములోనికి విషమెక్కనివి, లేక స్వల్పముగా ఎక్కినవి. పాము తన విషమును తిండి కాని వస్తువు మీద దుబారా చేయదు! అట్లని అలక్ష్యము చేయరాదు. విషమెక్కినచో కాటు వద్ద నొప్పి ఉండకపోవచ్చును. కొంతసేపటికి ఒళ్లంతయు కండరముల నొప్పి, తరువాత నల్లని మూత్రము కనబడును. మన దేశములో విరివిగా లభించు విషనివారక మందు త్రాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగు భూసర్పముల విషమునకు సంబంధించినది, సముద్రసర్పమునకు కాదు. కావున వలలో చిక్కిన పాము కరిచినచో శ్వాసకును, మూత్రపిండములకును చికిత్స చేయగల పెద్ద ఆసుపత్రికి ఆలస్యము లేకుండ చేరవలెను. తీరప్రాంతపు విద్యార్థులు ఈ మాట ఇంట చెప్పుట మంచిది.

ఒక అభ్యంతరము రాగలదు. విషమునకు ఎవ్వరును భయపడరా? భయపడువారున్నారు. 1970లో పనామాలో రూబినాఫ్, క్రొపాక్ అను శాస్త్రజ్ఞులు ఒక చక్కని పరీక్ష చేసిరి. పనామా భూసంధికి ఒక వైపు పసిఫిక్, ఒక వైపు అట్లాంటిక్. పసుపు పొట్ట గల పాము పసిఫిక్ వైపుననే ఉన్నది. పసిఫిక్ వైపు వేటచేపలు ఆకలిగొన్నను ఆ పామును ముట్టలేదు. ఆ పామును ఎన్నడును ఎరుగని అట్లాంటిక్ చేపలు దానిపైకి దుమికినవి. కొన్ని తిని బ్రతికినవి, కొన్ని కాటు తగిలి చచ్చినవి. నలుపు, పసుపు రంగుల ఆ పాము నీటిపై బహిరంగముగా తేలియాడును. దానికి ఆ రంగే ఒక ప్రకటన పలక. సాధారణమైన వేటచేపల విషయములో విషము కొంత భయము పెట్టగలదని దీనివలన తెలియుచున్నది. గరుకు చర్మము, రంపపు పళ్లు గల పులిసొర విషయమున ఆ భయము పనిచేయలేదు. అందుచేత పాము వేరొక ఉపాయమును ఆశ్రయింపవలసి వచ్చినది.

ఆ ఉపాయమేమో షార్క్ బేలో బయటపడినది. 1997 నుండి మైకేల్ హీట్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఆ అఖాతమున పులిసొరలను పట్టి, కొలిచి, గుర్తులు పెట్టి విడిచిరి. అచ్చట వేల చదరపు కిలోమీటర్ల మేర సముద్రపు గడ్డి పెరిగియున్నది. నీరు వెచ్చనైన నెలలలో సొరలు విరివిగా ఉండును. జూన్ నుండి ఆగస్టు వరకు సాగు చలికాలమున చాల తగ్గును. సొర ఉన్నప్పుడు ఇతర జంతువులు ఎట్లు మెలగును, లేనప్పుడు ఎట్లు మెలగును అని పోల్చి చూచుటకు ప్రకృతియే ఒక ప్రయోగశాలను నిర్మించి యిచ్చినట్లైనది.

అచ్చటి పాములలో హైడ్రోఫిస్ ఎలిగాన్స్ అనునది ఇసుకలో దాగు మలుగుచేపలను వెదకి తినును. ఆహారము ఇసుక తిన్నెలపై సమృద్ధిగా ఉన్నది, గడ్డిలో తక్కువ. అయినచో పాము ఎల్లప్పుడును ఇసుకపైననే ఉండవలెను గదా! 2008లో ప్రకటింపబడిన పరిశీలన వేరొక సంగతి చెప్పినది. పాటు సమయమున, అనగా నీరు తగ్గినప్పుడు, తిన్నెలపై నీరు సొర ఈదుటకు చాలనంత పలుచనగును. అప్పుడు పాములు ఇసుకపై తిరిగి వేటాడును. పోటు వచ్చి నీరు పెరిగి సొర లోనికి రాగల సమయమగుసరికి పాములు దట్టమైన గడ్డిలోనికి చేరును. అచ్చట తిండి లేదు, చాటు మాత్రమున్నది. తిరిగి పాటు వచ్చువరకు తిండిని వదలుకొని ప్రాణమును దక్కించుకొనును. ఒక్క పాము కూడ సొర నోట పడని దినమున సైతము ఆ పాములన్నింటి దినచర్యను సొరయే నిర్ణయించుచున్నది. చంపుటకన్న చంపునేమోనను భయము ఎక్కువ పని చేయుచున్నదని చెప్పవచ్చును.

ఈ వ్యవహారము పాములకే పరిమితము కాదు. డ్యూగాంగులును సొరల కాలమున మేత స్థలములను మార్చును. పచ్చ తాబేళ్ల విషయములో 2007లో తేలిన సంగతి మరింత హృదయమునకు తాకును. పుష్టిగా నున్న తాబేళ్లు సొరలకు దూరముగా, మేత తక్కువైన చోట కాలక్షేపము చేయగలవు. బలహీనపడిన తాబేళ్లు మాత్రము మంచి గడ్డి కొరకు అపాయకరమైన చోటులకు పోవును. బీదవాడు ప్రమాదకరమైన కూలికి ఎందుకు పోవునో తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

దాగుకొనుటలో మరియొక జాతి పాముకు విచిత్రమైన సాధనమున్నది. ఐపిసూరస్ లేవిస్ అను ఆలివ్ రంగు పాము తోకచర్మమునకు వెలుతురు తెలియును. పగలు పగడపు రాళ్ల సందున దూరి విశ్రమించునప్పుడు తల లోపల భద్రముగా ఉన్నను తోక బయట మిగిలిపోవచ్చును. తోకపై వెలుగు పడినచో పాము వెంటనే దానిని లోనికి లాగుకొనును. 1990లో ప్రయోగముచే తెలిసిన సంగతి ఇది. సొర వంటి వేటజంతువునకు తోక చిక్కకుండ ఈ ఏర్పాటు కలిగినదని శాస్త్రజ్ఞుల తలంపు. కోరలో తీవ్రమైన విషమున్న పాము తోక కొరకు ఇంత జాగ్రత్తపడుచున్నదనిన, తన విషముపై దానికి ఎంత నమ్మకమున్నదో ఊహింపవచ్చును!

సొరలు ఇంతగా తినుచుండగా పాములు నశింపవా అని కొందరు అడుగుదురు. ఈ రెండును ఒకే నీటిలో యుగములుగా కలిసి బ్రతుకుచున్నవి. షార్క్ బే పాములకు పెద్ద దెబ్బ తగిలినది వేరొక మూలనుండి. 2011 ఆరంభమున పశ్చిమ ఆస్ట్రేలియా తీరమున సముద్రము ఎన్నడును లేనంతగా వేడెక్కినది. వారముల తరబడి ఆ వేడి తగ్గలేదు. అఖాతములోని గడ్డి మైదానములలో సుమారు మూడవ వంతు దెబ్బతిన్నవి. తరువాతి సంవత్సరముల లెక్కలలో డ్యూగాంగులును, సముద్రసర్పములును బాగుగా తగ్గినట్లు కనబడినది. పోటు సమయమున పాము దూరిన గడ్డియే లేకపోయినచో అది ఎచ్చటకు పోవును? పులిసొరకు లొంగక నిలిచిన ఉపాయము వేడినీటి ముందు నిలువలేదు.

ఆ గడ్డిలో ఇంకొక పాము కూడ ఉన్నది. ఆకువంటి పొలుసులు గల ఐపిసూరస్ ఫోలియోస్క్వామా అను జాతి వాయవ్య ఆస్ట్రేలియా సముద్రములోని ఆష్‌మోర్ పగడపు దిబ్బ పరిసరములలో మాత్రమే ఉండునని చాలకాలము భావించిరి. ఆ దిబ్బపై సముద్రసర్పములన్నియు 1990ల దశకపు చివరినుండి వేగముగా తగ్గి, ఈ జాతి కనబడుటయే మానినది. లోకమునుండియే అంతరించినదేమోనని అనేకులు అనుకొనిరి. 2015లో అదే పాము ఎంతో దక్షిణమున, షార్క్ బే గడ్డి మైదానములలో, సజీవముగా దొరికినది. పులిసొరలు దండిగా తిరుగు ఆ నీటిలోనే అది ఎవరికంటను పడకుండ ఇన్నాళ్లును బ్రతికియున్నది.